వినువారి హక్కు

మన పాఠశాలలో 'మాధ్యమము' అను మాటకు ఒకటే అర్థము. ఏ భాషలో పాఠము చెప్పుదురో ఆ భాష మాధ్యమము. తెలుగు మాధ్యమము, కన్నడ మాధ్యమము, ఆంగ్ల మాధ్యమము అని ఐదవ తరగతి పిల్లలు సైతము తడుముకొనక చెప్పుదురు. అయితే పత్రిక, రేడియో, దూరదర్శనము, నేడు అందరి చేతులలో నున్న ఫోను, వీనిని కూడ లోకము మాధ్యమములనియే పిలుచుచున్నది. ఆలోచించి చూచినచో రెండర్థములును ఒక్కటే. ఒకరి మనసులోని విషయము మరొకరి మనసునకు చేరుటకు నడుమనున్న దారి మాధ్యమము. ఆ దారిపై ఎవరు నడువవచ్చును? ఎవరిని పక్కకు తొలగుమందురు? ఎవరి మాట ఎన్నడును ఆ దారి వెంట రానే రాదు? ఈ ప్రశ్నలకు ఇటీవలివారు 'మాధ్యమ న్యాయము' అని పేరు పెట్టిరి.

ఈ విషయమునే ముఖ్యముగా గైకొని ఏటేట ఒక ఉపన్యాసము జరుగు చోటు కలదు. అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరములో 1982లో ఏర్పడిన 'పార్కరు ఉపన్యాసము' అది. ప్రజాహితమునకై ప్రసార సాధనములను నడుపుటెట్లు, వానిపై సామాన్యునకు గల హక్కు ఏమి అనువానిని గూర్చి ఏడాదికొక పెద్ద అచట ప్రసంగించును. ఒకనాడు తొమ్మిదవ తరగతిలో నేనీ సంగతి చెప్పుచుండగా వెనుక బల్లపైనున్న విద్యార్థి ఒకడు లేచి, "సార్, స్టేషను వాళ్లది. వాళ్లకు ఇష్టమైంది వాళ్లు వేసుకుంటారు. అడగడానికి మనమెవరం?" అనెను. తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఏలయనగా ఆ బాలుడు అడిగిన ప్రశ్ననే, దాదాపు అవే మాటలతో, 1965లో అమెరికా ప్రభుత్వ సంస్థ యొకటి ఆ పార్కరును అడిగెను.

ఆ కథ కొంత వివరముగా చెప్పవలసియున్నది.

ఎవరెట్ పార్కరు 1913లో షికాగో నగరమున జన్మించిన క్రైస్తవ మతబోధకుడు. తన చర్చి సంస్థలో ప్రసార వ్యవహారములను చూచుకొనుచుండెడివాడు. ఆ కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారు ఓటు హక్కునకును, బడులలో సమాన ప్రవేశమునకును పోరాడుచుండిరి. మిసిసిపీ రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన జాక్సనులో డబ్ల్యు.ఎల్.బి.టి. అను టెలివిజను కేంద్రము కలదు. దాని ప్రసారములు ముఖ్యముగా చేరు ప్రాంతములో నూటికి సుమారు 45 మంది నల్లవారు. అయినను ఆ తెరమీద వారి ముఖము కానవచ్చుట అరుదు, వారి పక్షపు మాట వినవచ్చుట మరియు నరుదు. 1955లో థర్‌గుడ్ మార్షలు అను నల్లజాతి న్యాయవాది జాతీయ ప్రసారములో మాటలాడుచుండగా, ఈ కేంద్రమువారు ప్రసారమును ఆపి, తీగలో ఏదో లోపము వచ్చినది, క్షమింపుడు అని తెరమీద ఒక ఫలకమును చూపిరని ప్రసిద్ధి. లోపము తీగలో లేదని చూచువారందరికిని తెలియును. మెడ్గర్ ఎవర్సు అను స్థానిక నాయకుడు బదులు చెప్పుటకు తనకును సమయ మిండని పట్టుబట్టగా, 1963 మే నెలలో ఎట్టకేలకు కొన్ని నిమిషములు దొరకెను. ఆ పిమ్మట నెల తిరుగకముందే, జూను 12న, ఆయన తన ఇంటి ముంగిటనే తుపాకి గుండునకు బలియయ్యెను.

పార్కరు చేసిన పని వినుటకు చాల చిన్నది. సభలు పెట్టలేదు, రాళ్లు వేయించలేదు. 1964 మార్చి 1వ తేది మొదలుకొని 7వ తేది వరకు, ఆ ఊరిలోనే సుమారు 20 మంది స్వచ్ఛంద సేవకులను టెలివిజను పెట్టెల ముందు కూర్చుండబెట్టెను. ఉదయము కేంద్రము తెరచినది మొదలు రాత్రి మూయువరకు వారు చూచుచు వ్రాసికొనుచు ఉండవలెను. ఎవరు మాటలాడిరి, ఎంతసేపు మాటలాడిరి, నల్లవారిని ఏ మాటతో సంబోధించిరి, ఏ వార్త చెప్పిరి, ఏది చెప్పక విడిచిరి. అంతే. ఆ వ్రాసినవారి పేర్లు తెలిసినచో వారి ప్రాణమునకే ముప్పు రావచ్చును గనుక పేర్లను రహస్యముగా నుంచిరి. ఆ నోటు పుస్తకములను ఆధారముగా చేసికొని, ఈ కేంద్రమునకు మరల అనుమతి ఇవ్వరాదని పార్కరు సంస్థయు, స్థానిక పౌరులును ప్రభుత్వ ప్రసార సంఘమునకు అర్జీ పెట్టిరి.

సంఘమువారి జవాబు మన తొమ్మిదవ తరగతి విద్యార్థి చెప్పినట్టిదే. ఒక కేంద్రపు అనుమతికి అభ్యంతరము చెప్పవలెనన్న, దానివలన వ్యాపార నష్టము కలిగిన పోటీదారుడైనను కావలెను, దాని తరంగములు తన తరంగములకు అడ్డుపడుచున్నవని చెప్పు మరొక కేంద్రమైనను కావలెను. ఊరక చూచువానికి, వినువానికి వ్యాజ్యములో చోటు లేదు. కోట్ల జనము చూచు సాధనమును గూర్చి చూచువాడు నోరు మెదపరాదట!

పార్కరు కోర్టునకు పోయెను. 1966 మార్చి 25న వాషింగ్టను అప్పీలు న్యాయస్థానములో న్యాయమూర్తి వారెన్ బర్గరు తీర్పు చెప్పెను. ప్రసారమును వినువారికిని చూచువారికిని దానితో సంబంధము కలదు, కావున అనుమతి వ్యవహారములో వారి వాదమును విని తీరవలెను అని ఆ తీర్పు సారాంశము. ఈ బర్గరు ఉదారవాదియని పేరు పొందినవాడు కాడు, తరువాత 1969లో ఆ దేశ ప్రధాన న్యాయమూర్తియైనాడు. అయినను ప్రసార సంఘము మరల ఏదో ఒక నెపముతో 1968లో అదే యజమానులకు అనుమతి నిచ్చెను. మరల కోర్టు. 1969లో రెండవ తీర్పు వెలువడెను. అనుమతి రద్దయ్యెను. 1971లో మరొక సంస్థ ఆ కేంద్రమును తాత్కాలికముగా చేపట్టెను. 1972లో నల్లజాతీయుడైన విలియం డిల్డే దానికి అధికారి యయ్యెను. ఏడు దినముల నోటు పుస్తకములకు ఫలితము వచ్చుటకు ఎనిమిది సంవత్సరములు పట్టెను. పార్కరు మాత్రము దీర్ఘాయుష్మంతుడు. తన పేరిట జరుగు ఉపన్యాసములను దశాబ్దములపాటు తానే చూచి, 102 ఏండ్ల వయసున 2015లో కన్నుమూసెను.

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వత్తము. స్టేషను వారిది గదా, అడుగుటకు మనమెవరము? యంత్రము వారిది, భవనము వారిది, జీతములు వారిచ్చునవి. నిజమే. కాని తరంగము ఎవరిది?

మన కోలారు సీమలో చెరువు నెరుగని బిడ్డ లేడు. చెరువు క్రింద పది మంది రైతులకు భూమి యుండును. తూము ఒకటే. ఎవరికి వారు తమ ఇచ్చవచ్చినపుడు తూము ఎత్తినచో రెండు దినములలో చెరువు ఎండును, ఎవని పొలమును తడువదు. అందులకే ఊరిలో నీరుగంటి యుండును. నేడు ఎవరి వంతు, ఎన్ని గడియలు అని అతడు నిర్ణయించును. రేడియో తరంగములును అట్టివే. ఎఫ్.ఎం. ప్రసారములకై మన దేశములో సుమారు 88 మొదలు 108 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీని కేటాయించిరి. ఒకే ఊరిలో ఇద్దరు ఒకే అంకెపై మాటలాడినచో ఇద్దరి మాటయు వినబడదు, కరకరమను ధ్వని మాత్రము మిగులును. కనుక ప్రభుత్వము నీరుగంటి వలె నిలిచి వంతులు పంచవలసి వచ్చినది. వంతు పొందినవాడు నీటికి యజమాని కాడు. నీరుగంటియు కాడు. చెరువు ఊరిది.

మన సుప్రీంకోర్టు ఈ మాటను 1995 ఫిబ్రవరి 9న స్పష్టముగా చెప్పెను. ఆ వ్యాజ్యము క్రికెట్టు ఆట వలన పుట్టినదని చెప్పినచో మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. 1993లో జరిగిన హీరో కప్పు పోటీలను ఎవరు ప్రసారము చేయవలెనని బెంగాలు క్రికెట్టు సంఘమునకును కేంద్ర ప్రభుత్వమునకును తగవు వచ్చెను. న్యాయమూర్తులు సావంత్, మోహన్, జీవన్ రెడ్డి గారలు విచారించిరి. వీరిలో బి.పి. జీవన్ రెడ్డిగారు మన తెలుగువారే. రేడియో తరంగములు ప్రజల ఆస్తి, వానిని ప్రజల మేలు కొరకే వాడవలెను, వాక్స్వాతంత్ర్యమును చెప్పు రాజ్యాంగపు 19వ అధికరణములో వినువాని హక్కు కూడ ఇమిడియున్నది అని తీర్పు ఇచ్చిరి. తరంగములపై ప్రభుత్వపు గుత్తాధిపత్యము తగదని చెప్పిన ఆ తీర్పే, దానిని ధనికుల గుత్తాధిపత్యమునకు అప్పగించుటయు తగదని హెచ్చరించెను. ఈ రెండవ భాగమును చాలమంది మరచిపోవుచుందురు.

తీర్పు వచ్చినంత మాత్రమున పొలము తడువదు గదా. మరుసటి ఏట, 1996 సెప్టెంబరులో, మన బెంగుళూరులోనే 'వాయిసెస్' అను సంస్థ పిలుపుపై రేడియో నిపుణులు, విధాన నిర్ణేతలు, స్వచ్ఛంద సంస్థలవారు సమావేశమై, గ్రామీణులకును పేదలకును తమ సొంత రేడియో నడుపుకొను అవకాశ మీయవలెనని ఒక ప్రకటన చేసిరి. దానికి బెంగుళూరు ప్రకటన యనియే పేరు. 2000 జూలైలో తెలుగునాట పస్తాపురము పేరిట మరియొక ప్రకటన వెలువడెను. 2002 చివర విద్యాసంస్థలకు మాత్రము చిన్న రేడియోలు నడుపుటకు అనుమతి దొరకెను. 2004 ఫిబ్రవరి 1న చెన్నపట్టణపు అన్నా విశ్వవిద్యాలయములో దేశమున మొదటిది ప్రారంభమయ్యెను. స్వచ్ఛంద సంస్థలకు ద్వారము తెరచుకొన్నది 2006 నవంబరులో.

ఇట్టి రేడియో మనకు క్రొత్తయేమి కాదు. నేటికి తొంబది ఏండ్ల క్రిందట, 1935 సెప్టెంబరు 10న, మైసూరు మహారాజా కళాశాలలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులుగా నుండిన ఎం.వి. గోపాలస్వామిగారు 'విఠల విహార' యను తమ ఇంటిలోనే 30 వాట్ల చిన్న యంత్రముతో రేడియో కేంద్రమును ఆరంభించిరి. మన ఇంటి దీపములలో కొన్నింటికి అంతకంటె ఎక్కువ శక్తి యుండును! దానికి 'ఆకాశవాణి' యని పేరు పెట్టిరి. ఊరివారు వచ్చి పాడిరి, మాటలాడిరి, ఊరివారు వినిరి. తరువాత మైసూరు సంస్థానము దానిని చేపట్టెను. 1955లో ఆ కేంద్రము బెంగుళూరునకు తరలివచ్చెను. ఆ పేరే తదుపరి భారతదేశపు రేడియో కంతటికిని పేరయ్యెను. ఒక ఆచార్యుడు ఇంటి గదిలో పెట్టిన పేరు దేశమంతట మారుమ్రోగినది.

ఇక నేను మిక్కిలి ఇష్టముతో చెప్పదలచిన ఘట్టమునకు వత్తును. తెలంగాణములో జహీరాబాదు దాపున మాచనూరు అను గ్రామము కలదు. కర్ణాటకపు బీదరు అచ్చటికి దూరము కాదు. ఆ ప్రాంతపు తెలుగులో ఉర్దూ, కన్నడ పదములు అల్లుకొనియుండును. మెట్ట భూములు. జొన్న, సజ్జ, కొర్ర, కంది పంటలు. అచట 1983 నాటినుండి దక్కను డెవలప్‌మెంటు సొసైటీ అను సంస్థ పేద దళిత స్త్రీలను సంఘములుగా కూర్చి పనిచేయుచున్నది. దానిని స్థాపించినవారిలో ముఖ్యుడైన పి.వి. సతీశ్ గారు మైసూరువారు. దూరదర్శన్‌లో పనిచేసి, ఆ ఉద్యోగము విడిచి తెలుగు పల్లెకు వచ్చి, 2023లో తుదిశ్వాస విడుచు పర్యంతము ఆ పని విడువలేదు. కన్నడ సీమ నుండి తెలుగు సీమకు వచ్చి తెలుగు స్త్రీల నోట మాటకు తోడుపడిన వ్యక్తిని గూర్చి, కన్నడ సీమలో తెలుగు చదువుకొను మనము ఎరిగియుండుట ఉచితము.

ఆ సంఘ స్త్రీలు తమకొక రేడియో కావలెనని కోరిరి. రేడియో లేకనా? ఆకాశవాణి కలదు, హైదరాబాదు కేంద్రము కలదు. కాని అందులో తమ పంటల మాట రాదు, తమ పాట రాదు, అన్నిటికంటె ముఖ్యముగా తమ యాస రాదు అనిరి. యునెస్కో తోడ్పాటుతో స్టూడియో సిద్ధమైనది. యంత్రములు వచ్చినవి. అనుమతి మాత్రము రాలేదు. వారు ఊరకుండలేదు. కార్యక్రమములను కాసెట్టులపై ముద్రించి, ఊరూరి సంఘ సమావేశములలో వినిపించుకొనిరి. విత్తనముల మాటలు, మందుల మాటలు, పండుగ పాటలు, నాట్ల పాటలు అన్నియు చేరినవి. ఏండ్లు గడచినవి. తుదకు 2008 అక్టోబరు 15న 90.4 అంకెపై 'సంఘం రేడియో' గాలిలోనికి వచ్చెను. దానిని ప్రారంభించినవారు ఎవరనుకొంటిరి? 1995 నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరగు సావంత్ గారే. పదమూడేండ్ల క్రిందట తాము వ్రాసిన మాట ఒక మట్టిగోడల పల్లెలో పలుకుటను ఆయన స్వయముగా వినిరి.

జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అను ఇద్దరు యువతులు ఆ కేంద్రపు బాధ్యతను మోసిరి. ఇద్దరిని ఇంటిపేరు వలె ముందు మాటతోనే గుర్తింపవలెను, పేరు ఒక్కటే గనుక. ధ్వని ముద్రణము, కత్తిరింపు, కూర్పు అన్నియు వారే చేసికొందురు. అదే సంఘమునకు చెందిన స్త్రీలు చలనచిత్ర యంత్రములు కూడ పట్టిరి. వరంగల్లు ప్రత్తి రైతుల కష్టములపై 2003లో వారు తీసిన చిత్రము పలు దేశములలో ప్రదర్శింపబడెను.

ఇచట నా సొంత సంగతి యొకటి చెప్పుదును, పాఠకులు మన్నింతురు గాక. నేను కోలారు జిల్లావాడను. తెలుగు పండిత శిక్షణకై పొరుగు రాష్ట్రమైన ఆంధ్రకు పోయినపుడు, మొదటి దినముననే నా తెలుగు విని సహాధ్యాయులు నవ్విరి. "ఇది తెలుగా, కన్నడమా?" అని అడిగిరి. పాఠము చెప్పు అభ్యాసములో ఒక అధ్యాపకుడు, "నీవు రేడియోలో వచ్చు తెలుగు వలె మాటలాడవలెను" అని హితవు చెప్పెను. ఆయన దురుద్దేశముతో అనలేదు. నేనును అట్లే మార్చుకొంటిని. ఇంటికి వచ్చి ఆ తెలుగులో మాటలాడగా మా అవ్వ, "ఎవరింటికి వచ్చినావు నాయనా?" అనెను. రేడియోలో వచ్చునది సరియైన భాష, ఇంటిలోనిది తప్పు భాష అని ఎవరు నిర్ణయించిరి? ఎవరును నిర్ణయించలేదు. దారి మీదికి ఒకే భాషను రానిచ్చినందువలన మిగిలినవి తప్పులని మనము అనుకొంటిమి. మాచనూరు స్త్రీల కథ మొదటిసారి చదివినపుడు నాకు మా అవ్వ జ్ఞప్తికి వచ్చెను. గ్రంథభాషలో వ్రాయుచునే ఈ మాట చెప్పుచున్నందుకు మీలో చురుకైనవారు నన్ను ఎత్తిపొడువవచ్చును. వ్రాతకు ఒక భాష, నోటికి ఒక భాష ఉండుటలో దోషము లేదు. రెండవదానిని చూచి సిగ్గుపడుటలోనే దోషము కలదు.

మన జిల్లాలోను ఇట్టి ప్రయత్నము జరిగినది. బంగారుపేట తాలూకాలోని బూదికోట, హైదరాలీ పుట్టిన ఊరని చెప్పుదురు, అచట 2001లో 'నమ్మ ధ్వని' యను కేంద్రము వెలసెను. 'మన గొంతు' అని దాని అర్థము. వాయిసెస్, మైరాడ సంస్థలును, యునెస్కోయు తోడ్పడెను. అప్పటికి గాలిలో ప్రసారము చేయుటకు స్వచ్ఛంద సంస్థలకు చట్టము ఒప్పదు. వారొక ఉపాయము చేసిరి. మొదట ధ్వనివర్ధకములతో వినిపించి, పిదప కేబులు తీగల మీదుగానే ఇండ్లకు ధ్వనిని చేర్చిరి. గాలి ప్రభుత్వపు చేతిలోనిదైనచో తీగ మాదే గదా అని వారి తర్కము! బెంగుళూరు నగరములో 2007 నుండి జైన్ విద్యాసంస్థలవారి 'రేడియో యాక్టివ్' 90.4 అంకెపైననే వినవచ్చుచున్నది. మాచనూరునకును దీనికిని ఒకే అంకె యెట్లు కుదిరినదని అడుగుదురేమో. ఈ చిన్న రేడియోల యంత్రమునకు 50 వాట్ల శక్తియే పరిమితి. మాట పది పదిహేను కిలోమీటర్లు పోవుసరికి అలసిపోవును. కనుక దూరపు ఊరిలో అదే అంకెను వాడుకొనిన ఎవరికిని అడ్డము లేదు. అయితే ఇట్టి కేంద్రములు తమ సొంత వార్తలు చెప్పరాదు, ఆకాశవాణి వార్తలను మాత్రమే వినిపింపవలెను. ఊరి పంట మాట చెప్పవచ్చును గాని ఊరి వార్త చెప్పరాదను ఈ గిరి నాకెన్నడును అర్థము కాలేదు.

ఇదంతయు రేడియో కాలపు ముచ్చట, నేడు ఫోను ఉండగా దీనితో పనియేమి అని తల్లిదండ్రులు కొందరు తలపవచ్చును. ఫోను వచ్చిన తరువాత ప్రశ్న మరియు కఠినమైనది. ఈ నగరమునే చూడుడు. 2012 ఆగస్టు మధ్యలో ఈశాన్య రాష్ట్రములవారిపై దాడులు జరుగనున్నవని ఫోనులలో పుకార్లు వ్యాపించెను. వేలాది యువకులు, యువతులు ఉద్యోగములను, చదువులను విడిచి, మన సిటీ రైలు స్టేషనులో గువాహటి బండ్ల కొరకు క్రిక్కిరిసిరి. రైల్వేవారు ప్రత్యేక బండ్లను నడిపిరి. కేంద్ర ప్రభుత్వము ఒకేసారి పెక్కుమందికి సందేశములు పంపుటను కొన్ని దినములు నిషేధించెను. ఆ పిల్లలకు మన కన్నడము రాదు, మన తెలుగు రాదు. భయము కలిగినపుడు నమ్మదగిన మాట తమ భాషలో చెప్పువారు దాపున లేకపోయిరి. ఫోనులో వచ్చిన అబద్ధము మాత్రము వారి భాషలోనే వచ్చెను.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవు దొంగలు తిరుగుచున్నారని తెలుగు రాష్ట్రములలోను, తమిళనాటను, ఇచటను ఫోను సందేశములు పాకెను. మే 23న రాజస్థానము నుండి పనికై వచ్చిన 26 ఏండ్ల యువకుని ఈ బెంగుళూరులోనే జనము దొంగయని తలచి కొట్టి చంపిరి. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదింటికి మించి పంపరాకుండ కట్టడి చేసెను. నీరుగంటి లేని చెరువు అని నేను ఇంతకుముందు వ్రాసితిని. కట్టయే లేని చెరువును మీరు ఊహించుకొనుడు.

తల్లిదండ్రులతో ఒక మాట. 2011 జనాభా లెక్కల ప్రకారము కర్ణాటకములో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 5.84 మంది. కన్నడ, ఉర్దూల తరువాత మూడవ స్థానము మనదే. ఈ రాష్ట్రపు భాష కన్నడము. దానిని మన పిల్లలు చక్కగా నేర్చితీరవలెను, లిపిలో తోబుట్టువైన ఆ భాషను నేర్చుట మనకు కష్టమును కాదు. కాని నేర్చినవాని సంగతి వేరు, నేర్చు వయసు దాటినవాని సంగతి వేరు. నిరుడు మా వీధిలో నీటి సరఫరా రెండు దినములు నిలుచునని ఒక గోడపత్రము అతికించిరి. అనంతపురమునుండి ఇండ్ల నిర్మాణపు పనికి వచ్చిన కుటుంబములు అచట పదింటికి పైగా కలవు. వారికి కన్నడము మాటలాడ వచ్చును, చదువరాదు. మూడవ దినము ఉదయము వారి బిందెలు ఖాళీ. మన ఏడవ తరగతి బాలిక యొకతె ఆ పత్రము ముందు నిలిచి, కన్నడము చదివి తెలుగులో గట్టిగా చెప్పుచుండగా నేను చూచితిని. ఎవరును ఆమెను నియమించలేదు. ఆమెయే ఆనాటి మా వీధి ఆకాశవాణి.

రాజ్యాంగమునందు 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందింపవలెనని 1956 నాటి సవరణతో చేరినది. మన బడివంటి బడులకు ఆ అధికరణమే అండ. బడికి గల అండ గాలిలోని మాటకు అంత స్పష్టముగా లేదు. 1997 నుండి ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడుపుచున్న ప్రసార భారతి సంస్థకు చట్టము అప్పగించిన కర్తవ్యములలో వివిధ ప్రాంతముల భాషలకును సంస్కృతులకును తగిన చోటు కల్పించుటయు, అల్పసంఖ్యాకుల అవసరములను గమనించుటయు కలవు. చట్టములోని ఆ మాట ఎంతవరకు నెరవేరినదో తెలియవలెనన్న పార్కరు మార్గము తప్ప వేరు మార్గము నాకు కానరాదు.

కాబట్టి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు ఈ దసరా సెలవులలో ఏడు దినములు ఈ పని చేయవలెను. ఒక నలువది పుటల నోటు పుస్తకము తీసికొనుడు. ప్రతి పుటలో నాలుగు గీతలు గీయుడు. మీ ఇంటిలో ఆ దినము మ్రోగిన రేడియో గాని, చూచిన టెలివిజను గాని, ఫోనులో పెద్దలకు వచ్చిన సందేశములు గాని, ఏదైన ఒకటి ఎంచుకొనుడు. మొదటి గడిలో సమయము. రెండవ గడిలో ఎవరు మాటలాడిరి, ఏ భాషలో, ఏ యాసలో. మూడవ గడిలో ఏమి చెప్పిరి, దానిని మీరు మరొక చోట సరిచూచితిరా. నాలుగవ గడి ముఖ్యమైనది: మీ ఇంటిలో అవ్వ తాతలకు అది అర్థమైనదా, కాలేదా. వారిని అడిగి వారి మాటలలోనే, వారి యాసలోనే, దిద్దక వ్రాయుడు. అక్షరదోషములకు మార్కులు తీసివేయను. సందేశము పంపినవారి పేర్లు మాత్రము వ్రాయవలదు.

సెలవులు ముగిసిన తరువాత మొదటి సోమవారమున పుస్తకములను తెలుగు గదిలోని బీరువా పై అరలో ఉంచుడు. వానిని ఆధారముగా చేసికొని ఒక విద్యార్థియు ఒక తల్లియు మాటలాడునట్లు ఒక సభ ఏర్పాటు చేయ ప్రధానోపాధ్యాయులు అంగీకరించియున్నారు. ప్రతి ఏడు జరుపవలెనని నా ఆశ. జాక్సను పట్టణములో వ్రాసినవారి పేర్లు రహస్యముగా నుంచిరని పైన చెప్పితిని. మీరు మాత్రము పుస్తకముపై పేరు, తరగతి, క్రమసంఖ్య తప్పక వ్రాయుడు. లేనిచో మార్కులు ఎవరికి వేయవలెనో నాకు తెలియదు.